ఉకులేలే మొదలుపెట్టేవారికి: నాలుగు తీగల నుంచి మొదటి పాట దాకా

ఉకులేలే అంటే చిన్న గిటార్‌లా ఉండే నాలుగు తీగల వాయిద్యం. దాన్ని కొన్నవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే ఒకచోట ఆగిపోతారు. సి కార్డ్ (కార్డ్ అంటే కలిపి మోగించే కొన్ని స్వరాల గుంపు) పట్టుకోవడం వచ్చేస్తుంది, ఎఫ్ కార్డ్ కూడా వచ్చేస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేలోపు మాత్రం పాట ఆగిపోతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే పెద్ద కార్డ్‌ల చార్టు ఒకటి కనిపిస్తుంది. అది చూసి టెన్షన్ పడి, కొన్న వాయిద్యాన్ని బీరువా మీద పెట్టేస్తారు. ఆ చార్టుతో ఇప్పట్లో పనిలేదు. ఐదారు కార్డ్‌లు, తాళం తప్పని కుడిచెయ్యి ఉంటే ఇంటిల్లిపాదీ కలిసి పాడుకునే పాటలు చాలావరకు వాయించొచ్చు.

మన చెవికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఉకులేలే నాలుగు తీగలను జి, సి, ఇ, ఎ అనే స్వరాలకు శ్రుతి చేస్తారు. సి ని షడ్జమం అనుకుంటే, అంటే మన లెక్కలో ఒకటి శ్రుతి అయితే, ఆ నాలుగు తీగలు వరసగా ప, స, గ, ద. ఏ వేలూ పెట్టకుండా నాలుగు తీగలూ కలిపి మీటితే మోహన రాగంలో ఒక్క రిషభం తప్ప మిగతా స్వరాలన్నీ మోగుతాయి. సరళీ వరసలు కొంచెమైనా నేర్చుకున్నవాళ్లకు, కనీసం సరిగమపదని వరసగా పాడగలిగినవాళ్లకు, ఇది పెద్ద దగ్గరిదారి. ఈ మార్గదర్శిలో ప్రతి కార్డ్‌నీ వేళ్ల లెక్కతో పాటు స్వరాల లెక్కలో కూడా చెబుతాను.

ఏది కొనాలి

సైజులు నాలుగు: సొప్రానో, కన్సర్ట్, టెనర్, బారిటోన్. సొప్రానో సుమారు 21 అంగుళాలు, కన్సర్ట్ 23, టెనర్ 26. పెద్దవాళ్లకు కన్సర్ట్ కొనమంటాను. సొప్రానోలో మెట్లు, అంటే నెక్ (వేళ్లు పెట్టే పొడుగాటి మెడ) మీద లోహపు పట్టీల మధ్య ఉండే గడులు, దగ్గరదగ్గరగా ఉండి వేళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చిన్నపిల్లలకైతే సొప్రానోనే మంచిది. బారిటోన్ శ్రుతి మామూలుగా వేరు: డి, జి, బి, ఇ. ఇక్కడ చెప్పే వేళ్ల స్థానాలతో దానిమీద వేరే కార్డ్‌లు పలుకుతాయి కాబట్టి ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

షాపులో రెండు పరీక్షలు చేయండి. మొదటి మెట్టు దగ్గర తీగను నొక్కినప్పుడు వేలు గట్టిగా నొప్పి పెట్టిందంటే తీగలు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు, అలాంటిది వద్దు. తర్వాత ఒక తీగను ఖాళీగా మీటి, అదే తీగను 12వ మెట్టు దగ్గర నొక్కి మీటండి. అదే స్వరం పై స్థాయిలో రావాలి. ట్యూనర్‌లో (స్వరం సరిగ్గా ఉందో లేదో చూపే యాప్) చూసినప్పుడు బాగా తేడా కనిపిస్తే, మీరు ఎంత సాధన చేసినా అది అపస్వరమే పలుకుతుంది.

వాయిద్యాన్ని ఎండలో ఆపిన కారులో వదలొద్దు. మన వేసవికి జిగురు వదిలి బ్రిడ్జి (పెట్టె మీద తీగలను పట్టి ఉంచే చెక్క) ఊడిపోయే ప్రమాదం ఉంది.

శ్రుతి చెయ్యడం

వాయించే భంగిమలో పట్టుకుంటే మీ ముఖానికి దగ్గరగా ఉండేది నాలుగో తీగ, అది జి. ఆ కింద వరసగా సి, ఇ, ఎ. గిటార్ అలవాటున్నవాళ్లు ఇక్కడ తికమకపడతారు. గిటార్‌లో పైతీగ అన్నిటికన్నా మంద్రంగా ఉంటుంది, మామూలు ఉకులేలేలో పైతీగ సి కన్నా, ఇ కన్నా హెచ్చు స్థాయిలో ఉంటుంది. అన్నిటికన్నా మంద్రం మూడో తీగ. ఉకులేలేకి ఆ తేలికైన, మెరిసే నాదం వచ్చేది ఇందువల్లే.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ చాలు. ఇంట్లో శ్రుతిపెట్టె ఉంటే ఇంకా మంచిది. ఒకటి శ్రుతిలో పెట్టి, మూడో తీగను షడ్జమంతో, నాలుగో తీగను పంచమంతో కలపండి. మిగతా రెండింటికి ట్యూనర్ వాడండి. చెవి తయారయ్యే మార్గం ఇదే.

ఎప్పుడూ స్వరానికి కింద నుంచి పైకి తిప్పుతూ రావాలి. దాటిపోతే వదులు చేసి మళ్లీ పైకి రండి. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్ల పాటు సాగుతూనే ఉంటాయి. పొద్దున చేసిన శ్రుతి సాయంత్రానికి దిగిపోతే వాయిద్యంలో లోపం అనుకోవద్దు. వాయించడానికి కూర్చున్న ప్రతిసారీ ముందు శ్రుతి చూసుకోండి. శ్రుతి లేని వాయిద్యం మీద సాధన చేస్తే చెవి పాడవుతుంది.

పట్టుకోవడం, నొక్కడం

వాయిద్యాన్ని కుడి ముంజేతితో ఛాతీకి ఆనించి పట్టుకోండి. ఎడమచేతి బొటనవేలు నెక్ వెనకాల ఉండాలి. బరువు ఎడమచేతి మీద పడితే ఆ వేళ్లు కదలవు. ఎడమచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించుకోండి.

తీగను వేలి కొనతో, మెట్టు లోహపు పట్టీకి ఆనుకుని, దాని వెనకాలే నొక్కాలి. రెండు పట్టీల మధ్యలో నొక్కితే ఎక్కువ బలం కావాలి, అయినా బుర్రుమనొచ్చు. కార్డ్ పట్టుకున్నాక నాలుగు తీగలనూ ఒక్కొక్కటిగా మీటి వినండి. ఏదైనా తీగ మూగబోతే పక్క వేలు దానికి తగులుతోందేమో చూడండి. చాలాసార్లు వేలిని ఇంకొంచెం నిటారుగా నిలబెడితే సరిపోతుంది. మొదట్లో వేళ్ల కొనలు మండుతాయి. నొప్పి ఎక్కువైతే ఆపి మర్నాడు వాయించండి. కొనలు గట్టిపడ్డాక ఆ సంగతే గుర్తుండదు.

మొదటి రెండు కార్డ్‌లు

కార్డ్‌ను నాలుగు అంకెలతో రాసుకుందాం. పైతీగ జి నుంచి కింది తీగ ఎ దాకా వరసగా ఏ మెట్టు నొక్కాలో ఆ అంకె చెబుతుంది. సున్నా అంటే ఖాళీ తీగ.

సి: 0003. ఉంగరపు వేలితో ఎ తీగ మూడో మెట్టు. పలికే స్వరాలు ప, స, గ, పై స.

ఎ మైనర్: 2000. మధ్యవేలితో జి తీగ రెండో మెట్టు. పలికే స్వరాలు ద, స, గ, ద.

రెండూ ఒంటివేలి కార్డ్‌లే. రెండింటి స్వరాలూ కలిపితే స, గ, ప, ద. మోహనానికి బయట స్వరం ఒక్కటీ లేదు. అందుకే మోహన రాగంలో ఉన్న సులువైన బాణీలు ఈ రెండింటితోనే చాలా దూరం నడుస్తాయి. కొన్ని ఇంగ్లీషు పాఠాల్లో మొదటి పాటకే మూడు నాలుగు కార్డ్‌లు కావాలంటారు. మనకి రెండు చాలు.

సంగీతం క్లాసుకి వెళ్లిన ప్రతి ఒక్కరికీ తెలిసిన గీతం ‘వరవీణా మృదుపాణి’ తీసుకోండి. మోహన రాగం, రూపక తాళం, ఆవర్తనానికి ఆరు అక్షరాలు. మొదటి ఆవర్తనం గ గ పా పా, రెండోది ద ప సా సా. మొదటి ఆరు అక్షరాలకు సి కార్డ్, తర్వాతి ఆరింటికి ఎ మైనర్. అక్షరానికి ఒక మీటు చొప్పున కిందికి మాత్రమే మీటుతూ పాడండి. మారడం కష్టమైతే ఆవర్తనానికి ఒకే ఒక్క మీటు వేసి, మిగతా ఐదు అక్షరాల వ్యవధిలో రెండో కార్డ్‌కు వేలు సిద్ధం చేసుకోండి.

ఆ తర్వాత అదే ముక్కను తీగల మీద స్వరాలుగా వాయించి చూడండి. గ అంటే ఖాళీ ఇ తీగ, ప అంటే అదే తీగ మూడో మెట్టు, ద అంటే ఖాళీ ఎ తీగ, పై స అంటే ఎ తీగ మూడో మెట్టు. పైన ఉన్న జి తీగ ఖాళీగా మీటినా అదే పంచమం, అదే స్థాయిలో పలుకుతుంది. ఈ ఒక్క ముక్క వాయిస్తే నెక్ మీద ఏ స్వరం ఎక్కడుందో చేతికి తెలిసిపోతుంది. గీతంలో ముందుకెళ్తే కొన్నిచోట్ల రిషభం దగ్గర ఆగుతుంది. ఈ రెండు కార్డ్‌లలోనూ రిషభం లేదు కాబట్టి అక్కడ మీటకుండా గొంతుకే వదిలేయండి.

కుడిచెయ్యి

ఎడమచేతి కన్నా కుడిచేతికే ఎక్కువ సమయం ఇవ్వమని నా గట్టి సలహా. కార్డ్ కాస్త అటూఇటూ అయినా వినేవాళ్లు సర్దుకుంటారు. తాళం తప్పితే మాత్రం పాడేవాళ్లు ఆగిపోతారు.

నెక్ వచ్చి పెట్టెతో కలిసే చోట మీటాలి. చూపుడువేలు కిందికి వెళ్లేటప్పుడు గోరు తగలాలి, పైకి వచ్చేటప్పుడు వేలి కండ తగలాలి. కదలిక మణికట్టు నుంచి రావాలి, చేతికి అంటిన నీళ్లు విదిలించినంత తేలిగ్గా. మోచెయ్యి ఊగుతోందంటే చెయ్యి బిగుసుకుపోయినట్టే.

ముందు ఎడమ అరచేతిని తీగల మీద ఆనించి శబ్దం నొక్కేసి, లయ మాత్రమే సాధన చేయండి. మెట్రోనోమ్ (లెక్క తప్పకుండా టక్ టక్ కొట్టే యాప్) నిమిషానికి 60లో పెట్టి లెక్కకు ఒక కింది మీటు. అది కుదిరాక లెక్కకు ఒక కింద, ఒక పైన. ఇదీ కుదిరాక అందరూ వాడే ఈ నడక పట్టండి: కింద, కింద-పైన, పైన-కింద-పైన. నాలుగు లెక్కల్లో ఇలా పడుతుంది. ఒకటో లెక్క మీద కింద. రెండో లెక్క మీద కింద, వెంటనే పైన. మూడో లెక్క మీద చెయ్యి కిందికి వెళ్తుంది కానీ తీగకు తగలదు, తిరిగి వచ్చేటప్పుడు పైన. నాలుగో లెక్క మీద కింద, వెంటనే పైన.

ఇందులో ప్రాణమంతా ఆ మూడో లెక్కలో ఉంది. అక్కడ చెయ్యి ఆపేస్తే నడక చచ్చిపోతుంది. తగిలినా తగలకపోయినా చెయ్యి కిందికీ పైకీ ఆగకుండా కదులుతూనే ఉండాలి. రెండుసార్లు ఈ నడక పూర్తయితే ఎనిమిది లెక్కలు, సరిగ్గా ఆదితాళం ఒక ఆవర్తనం. నోటితో తాళం లెక్కపెడుతూ చేస్తే తొందరగా పట్టుబడుతుంది.

మరో మూడు కార్డ్‌లు, మారే పద్ధతి

ఎఫ్: 2010. మధ్యవేలు జి తీగ రెండో మెట్టు, చూపుడువేలు ఇ తీగ మొదటి మెట్టు. స్వరాలు ద, స, మ, ద.

జి సెవెన్: 0212. చూపుడువేలు ఇ తీగ మొదటి మెట్టు, మధ్యవేలు సి తీగ రెండో మెట్టు, ఉంగరపు వేలు ఎ తీగ రెండో మెట్టు. స్వరాలు ప, రి, మ, ని.

జి: 0232. చూపుడువేలు సి తీగ రెండో మెట్టు, మధ్యవేలు ఎ తీగ రెండో మెట్టు, ఉంగరపు వేలు ఇ తీగ మూడో మెట్టు. స్వరాలు ప, రి, ప, ని.

సి, ఎఫ్, జి కలిస్తే సరిగమపదని ఏడు స్వరాలూ వచ్చేశాయి, అంటే శంకరాభరణం మొత్తం. శంకరాభరణం స్వరాల్లో తిరిగే సులువైన బాణీలకు చాలావరకు ఈ మూడు సరిపోయేది ఇందుకే.

ఇక అసలు కష్టమైన పని, మారడం. వేళ్లన్నీ ఒకేసారి గాల్లోకి లేపి మళ్లీ పెట్టడం వల్లే ఆలస్యమవుతుంది. ఏ వేలు కదలనక్కర్లేదో ముందు చూసుకోవాలి. ఎ మైనర్ నుంచి ఎఫ్‌కి వెళ్లేటప్పుడు మధ్యవేలు అక్కడే ఉంటుంది, చూపుడువేలు వచ్చి చేరుతుంది, అంతే. ఎఫ్ నుంచి జి సెవెన్‌కి వెళ్లేటప్పుడు చూపుడువేలు కదలదు. మధ్యవేలు జి తీగ నుంచి సి తీగకు ఒక్క అడుగు దిగుతుంది, ఉంగరపు వేలు ఎ తీగ మీద వాలుతుంది. ఎఫ్ నుంచి జి కి వెళ్లాలంటే మాత్రం ఉన్న రెండు వేళ్లూ చోటు మారాలి. కాబట్టి మొదటి నెల జి బదులు జి సెవెన్ వాడండి. పాటలో రెండూ దాదాపు ఒకే పని చేస్తాయి, చెయ్యి తొందరగా అలవాటుపడుతుంది.

సాధన ఇలా చేయండి. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి, ఒక జత తీసుకుని, ఉదాహరణకు సి, ఎఫ్, ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టండి. మారిన ప్రతిసారీ ఒక్క మీటు. అంకె రాసి పెట్టుకోండి. నిమిషానికి 30 దాటితే ఆ జతను నెమ్మది పాటలో వాడొచ్చు. 60 దగ్గరికి వస్తే ఇక ఆలోచించనక్కర్లేదు. రోజుకి మూడు జతలు చాలు: సి–ఎఫ్, ఎఫ్–జి సెవెన్, జి సెవెన్–సి. ఎ మైనర్‌ను వీటి మధ్యలో కలుపుకోండి. మొత్తం సాధన రోజుకి 20 నిమిషాలు అనుకుంటే శ్రుతికి రెండు మూడు నిమిషాలు, జతలకు ఐదు, కుడిచేతి నడకకు ఐదు, మిగిలిందంతా పాటకే. ఆదివారం రెండు గంటలు వాయించడం కన్నా రోజూ 20 నిమిషాలు వాయిస్తేనే వేళ్లకు గుర్తుంటుంది.

పాటలో కార్డ్ మారేచోట తడబడితే తాళం ఆపొద్దు. వేళ్లు అందకపోతే ఖాళీ తీగలు మీటేయండి. ఖాళీ తీగలు ప, స, గ, ద కాబట్టి సి కీలో పెద్దగా చెవికి తగలదు. తర్వాతి ఒకటో లెక్కకు కార్డ్ అందుకుంటే చాలు.

ఊరంతా తెలిసిన పాట: పుట్టినరోజు పాట

కేక్ కోసేటప్పుడు అందరూ పాడే ఆ పాట నాలుగు పాదాలే, మూడు లెక్కల నడక. దాన్ని ముందు నేర్చుకోమనడానికి కారణం ఉంది. మీరు మొదలుపెడితే చుట్టూ ఉన్నవాళ్లంతా పాడతారు, వాళ్లతో పాటు ఆగకుండా వాయించక తప్పదు. తోడు వాయించడంలో ఇంతకన్నా మంచి పాఠం లేదు.

స్వరాలు ఇవి: ప ప ద ప స ని, ప ప ద ప రి స, ప ప పై-ప గ స ని ద, మ మ గ స రి స. మొదటి రెండు స్వరాలూ తాళం మొదలయ్యే ముందే వస్తాయి. అక్కడ మీటొద్దు, గొంతు మాత్రమే. మూడో స్వరం మీద ఒకటో లెక్క పడుతుంది, కుడిచెయ్యి అక్కడ మొదలవ్వాలి. అక్కడి నుంచి మూడేసి లెక్కలకు ఒక గడి అనుకుంటే మొత్తం ఎనిమిది గడులు: సి, జి సెవెన్, జి సెవెన్, సి, సి, ఎఫ్, ఏడో గడిలో మొదటి రెండు లెక్కలు సి, మూడో లెక్క జి సెవెన్, చివరి గడి సి.

ఏడో గడి ఒక్కటే కష్టం. అక్కడ జి సెవెన్ ఒక్క లెక్కే ఉండి మళ్లీ సి వచ్చేస్తుంది. ఆ నాలుగు లెక్కలను విడిగా తీసి, బాగా నెమ్మదిగా, సులువయ్యేదాకా చేయండి. పాట మొత్తం మొదటి నుంచి మళ్లీ మళ్లీ వాయిస్తే వచ్చినచోటే మళ్లీ వస్తుంది, రానిచోటు అలాగే ఉంటుంది.

మీ గొంతుకు తగ్గ శ్రుతి

ఇప్పటిదాకా ఒకటి శ్రుతి అనుకున్నాం. అది అందరికీ సరిపడదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఆడవాళ్లు చాలామంది ఐదు శ్రుతి దగ్గర పాడతారు, అంటే షడ్జమం జి. అప్పుడు సి, ఎఫ్, జి బదులు జి, సి, డి వాడాలి. డి అంటే 2220, జి, సి, ఇ తీగల రెండో మెట్టు. మూడు వేళ్లు ఒకే మెట్టులో ఇరుక్కుంటాయి. నొక్కలేకపోతే ఒక్క వేలిని అడ్డంగా మూడు తీగల మీదా వాల్చండి, ఎ తీగకు తగలకుండా చూసుకుంటే సరి. ఇంకో కార్డ్ ఇ మైనర్, 0432: చూపుడువేలు ఎ తీగ రెండో మెట్టు, మధ్యవేలు ఇ తీగ మూడో మెట్టు, ఉంగరపు వేలు సి తీగ నాలుగో మెట్టు, మెట్లెక్కినట్టే ఉంటుంది.

రెండు శ్రుతి అయితే, అంటే షడ్జమం డి అయితే, క్యాపో (తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర నొక్కిపట్టే క్లిప్పు) కొనుక్కోండి. రెండో మెట్టు మీద బిగిస్తే నేర్చుకున్న సి కార్డ్‌ల ఆకారాలన్నీ రెండు శ్రుతిలో పలుకుతాయి. మూడు నాలుగు మెట్లు దాటి బిగించొద్దు, ఉన్న చిన్న నెక్ ఇంకా చిన్నదవుతుంది.

నచ్చిన పాటకు కార్డ్‌లు వెతుక్కోవడం

ఇంటర్నెట్‌లో తెలుగు పాటలకు దొరికే కార్డ్‌లు చాలావరకు గిటార్ కోసం రాసినవి. కార్డ్ పేర్లు అవే పనికొస్తాయి, వేళ్ల బొమ్మలు పనికిరావు. తప్పులూ ఎక్కువే. సొంతంగా వెతుక్కోవడం నేర్చుకుంటేనే మేలు.

పాట పల్లవి పాడి, చివర ఏ స్వరం మీద స్థిమితంగా ఆగాలనిపిస్తుందో దాన్ని పట్టుకోండి. ఎక్కువసార్లు అదే షడ్జమం. దాన్ని మీ సి కి తెచ్చుకుని పాడండి. ఇక పల్లవిని చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కలో ఎక్కువసేపు నిలిచే స్వరం ఏదో చూడండి. స, గ, ప మీద నిలిస్తే సి. మ, ద మీద నిలిస్తే ఎఫ్. రి, ని మీద నిలిస్తే జి. ద మీద నిలిచి కాస్త దిగులుగా వినిపిస్తే ఎ మైనర్. మ, ద లతో పాటు రి కూడా గట్టిగా ఉంటే డి మైనర్, 2210: ఎఫ్ పట్టుకుని ఉంగరపు వేలితో సి తీగ రెండో మెట్టు కలపడమే. పాట మొత్తం దిగులుగానే ఉండి, సి కన్నా ఎ దగ్గర ఆగాలనిపిస్తే ఎ మైనర్‌నే ఇంటి కార్డ్ చేసుకుని డి మైనర్, ఎఫ్, జి తో ప్రయత్నించండి.

పాట ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. గమకాలు ఎక్కువున్న కీర్తనలకు కార్డ్‌లు అతకవు. ఊగే స్వరం కింద కదలని కార్డ్ పెడితే రెండూ చెడతాయి. లలిత గీతాలు, జోలపాటలు, తిన్నటి స్వరాలున్న సినిమా పాటలు తీసుకోండి. శాస్త్రీయంలోనే కావాలంటే ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బాణీలకు సంస్కృత సాహిత్యం రాసిన నొట్టుస్వరాలు ఉన్నాయి. అవి శంకరాభరణంలో గమకాలు లేకుండా నడుస్తాయి, సి, ఎఫ్, జి తో హాయిగా కుదురుతాయి.

ఇంకొకటి. మన సంగీతం పాఠాలు మాయామాళవగౌళతో మొదలవుతాయి కదా, సరళీ వరసలకే కార్డ్‌లు పెడదామని చాలామందికి అనిపిస్తుంది. ఆ రాగంలో రి, ద రెండూ శుద్ధ స్వరాలు, అంటే ఇప్పటిదాకా సి షడ్జమంగా వాడిన రి, ద ల (వాటిని చతుశ్రుతి అంటారు) కన్నా ఒక మెట్టు కింద ఉండేవి. చతుశ్రుతి రిషభం ఉన్న జి కార్డ్, చతుశ్రుతి ధైవతం ఉన్న ఎఫ్, ఎ మైనర్ కార్డ్‌లు మూడూ అపస్వరాలవుతాయి. అక్కడ ఎఫ్ బదులు ఎఫ్ మైనర్ పట్టాలి: 1013. చూపుడువేలు జి తీగ మొదటి మెట్టు, మధ్యవేలు ఇ తీగ మొదటి మెట్టు, చిటికెన వేలు ఎ తీగ మూడో మెట్టు. పలికేవి శుద్ధ ధైవతం, స, మ, స. మ, ద వచ్చేచోట దీన్ని, స, గ, ప వచ్చేచోట సి ని పెట్టి, శుద్ధ రిషభం దగ్గర మీటకుండా గొంతుకు వదిలేస్తే మాయామాళవగౌళ చెడకుండా నిలుస్తుంది.